10 నెలల పాపకి జలుబు, నీలగిరి తైలం రాయొచ్చా? – సమాధానం

అక్కా, పాపకి జలుబు చేసింది, ముక్కు కింద నీలగిరి తైలం రెండు చుక్కలు రాయమని అత్తయ్యగారు అంటున్నారు అన్నారు కదా, దయచేసి రాయకండి. మనకి హాయిగా అనిపించే ఆ ఘాటుకి పసిపిల్లలకి ఊపిరి తీసుకోవడమే కష్టమైపోవచ్చు, రెండేళ్ళ లోపు పిల్లల ముఖం మీద అసలు వద్దు, కర్పూరం కాచిన కొబ్బరినూనె కూడా వద్దు, కర్పూరం ఒంట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు. ముక్కు మూసుకుపోతే మెడికల్ షాపులో దొరికే సెలైన్ డ్రాప్స్, పాలు పట్టేముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు వేయండి, చాలావరకు సర్దుకుంటుంది. పాలు తాగకపోయినా డొక్కలు ఎగరేస్తున్నా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇంకోటి, ఆ సీసా ఎక్కడ పెట్టారు? పాప పాకే వయసు, చేతికి ఏది దొరికినా నోట్లోకే, ఆ తైలం ఒక్క చెంచా, అంటే 5 ఎంఎల్ మింగినా ప్రాణం మీదకి రావచ్చు. పొరపాటున తాగితే వాంతి చేయించొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి, సీసా కూడా వెంట తీసుకెళ్ళండి.

అత్తయ్యగారికి ఒళ్ళు నొప్పులకి కావాలంటే చెంచా కొబ్బరినూనెలో రెండు చుక్కలు కలుపుకోమనండి, రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పాపని ఎత్తుకోమనండి.