పాటల ముచ్చట: మోషే చిత్రం, మిర్యాము పాట, మన తంబుర

ప్రశ్న: మా సంఘంలో యువతీయువకులు పన్నెండుమంది గానబృందంగా పాడుతున్నారు. మోషే కథతో వచ్చిన ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ అనే యానిమేషన్ చిత్రాన్ని చూసిన నాటి నుంచి అందులోని ‘వెన్ యు బిలీవ్’ పాటను తెలుగులో పాడుదామని పట్టుబడుతున్నారు. దాని మధ్యలో పిల్లలు పాడే మాటలు ఏ భాషవి? వాటినెలా అనువదించాలి? మా కీర్తనల పుస్తకంలో పాట పైన రాగతాళాలు ఉంటాయి కనుక, దీనిని ఏ రాగమనుకోవాలో కూడా తెలుపగలరు.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అవి హీబ్రూ మాటలు, చిత్రం కోసం కల్పించినవి కావు. నిర్గమకాండము 15వ అధ్యాయంలో, సముద్రం దాటిన తరువాత మోషేయు ఇశ్రాయేలీయులును పాడిన కీర్తనలోని 1, 11, 13 వచనాల నుంచి ఏరిన పాదాలవి. కాబట్టి మిగిలిన పాటను మీరు తెలుగు చేసుకోవలసినదే గాని, ఈ భాగాన్ని కొత్తగా అనువదించే పని లేదు. ‘యెహోవానుగూర్చి గానముచేసెదను’ అని మీ చేతిలోని బైబిలులోనే అది సిద్ధంగా ఉంది, మీ సంఘంలోని పెద్దలకు నోటికి కూడా వచ్చి ఉంటుంది. ఒక చిన్న తేడాను మాత్రం పిల్లలకు ముందే చెప్పండి. గ్రంథంలో ఈ కీర్తన సముద్రం దాటిన తరువాత వస్తుంది. చిత్రంలోనైతే జనం ఐగుప్తు విడిచి బయలుదేరుతుండగానే, సముద్రం ఇంకా కంటికి కనబడక ముందే వినబడుతుంది. జయగీతాన్ని జయానికి ముందే పాడించడం, నమ్మకాన్ని గురించిన పాటలో, నాకు తప్పుగా తోచలేదు.

ఇక రాగం మాట. స్వరమేళనం మీద నడిచే పాశ్చాత్య గీతాన్ని ఒకే రాగంలో బిగించబోతే అది మనకు లొంగదు. అయినా హార్మోనియం మీద వెతుక్కునేవారికి ఒక దారి ఉంది: చరణం నఠభైరవి స్వరాలకు దగ్గరగా దిగులుగా మొదలై, పల్లవి దగ్గర శంకరాభరణపు వెలుగులోకి వస్తుంది. నఠభైరవిలోని గాంధారాన్ని షడ్జంగా తీసుకుంటే శంకరాభరణమే వస్తుందని గ్రహభేదం (రాగంలోని మరొక స్వరాన్ని షడ్జంగా మార్చి చూసే పద్ధతి) నేర్చినవారికి తెలుసు. కనుక మెట్లు మారవు, ఆధారం మారుతుంది.

ఈ పాటకు రెండు రూపాలున్నాయి. 1998లో విడుదలైన ఆ చిత్రానికి పాటలు కూర్చినవారు స్టీఫెన్ ష్వార్ట్జ్, నేపథ్య సంగీతం హాన్స్ జిమ్మర్‌ది. ష్వార్ట్జ్‌కు బైబిలు కథావస్తువు కొత్తది కాదు. మత్తయి సువార్త ఆధారంగా నడిచే 1971 నాటి ‘గాడ్‌స్పెల్’ నాటకానికి కూడా పాటలు ఆయనవే. చిత్రంలో మోషే భార్య సిప్పోరా గొంతు మిషెల్ ఫైఫర్‌ది, మోషే అక్క మిర్యాముకు పాట పాడిన గొంతు శాలీ డ్వోర్‌స్కీది. విట్నీ హ్యూస్టన్, మరయా కేరీ కలిసి పాడగా విడిగా వచ్చిన రూపమే ఎక్కువగా వినబడుతుంది గాని, అందులో హీబ్రూ భాగం లేదు. 1999లో ఉత్తమ గీతంగా ఆస్కార్ అందుకున్న ఈ పాటను మీ బృందం చిత్రంలో ఉన్నట్టుగానే నేర్చుకోవాలని నా సలహా.

ప్రశ్న: అదే చిత్రం ఆరంభంలో బిడ్డను జమ్ముపెట్టెలో పెట్టి నదిలో విడిచే తల్లి పాట పాడిన వారెవరు?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఓఫ్రా హాజా. యెమెన్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో 1957లో టెల్ అవీవ్‌లో పుట్టి, 2000లో కన్నుమూసిన గాయని. మోషే తల్లి యోకెబెదు పాత్రకు మాట, పాట రెండూ ఆమెవే. చిత్రాన్ని ఇతర భాషలలోకి మార్చినప్పుడు కూడా ఆ భాగాన్ని అనేక భాషలలో ఆమే స్వయంగా పాడారు. ఇటుకలు మోసే బానిసల బృందగానపు హోరు నడుమ ఆ జోల సన్నని దారంలా సాగుతుంది. తరువాత, రాజకుమారుడిగా పెరిగిన మోషే తన అక్క మాటలను నమ్మక తోసిపుచ్చినప్పుడు, మిర్యాము ఆ జోలనే పాడుతుంది. అంతవరకు విసురుగా ఉన్న మోషే అక్కడ తడబడతాడు. వాదనకు లొంగనివాడు వరుసను గుర్తుపట్టి ఆగిపోయాడన్నమాట; చిత్రం మొత్తంలో సంగీతం చేసిన అతిపెద్ద పని ఇదేనని నా అభిప్రాయం.

ప్రశ్న: మిర్యాము తంబుర పట్టుకొని పాడిందని బైబిలులో ఉంది. మా ప్రదర్శనకు తంబుర ఎక్కడా దొరకలేదు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: దొరకకపోవడమే మేలయింది. అక్కడ హీబ్రూలో ఉన్న మాట ‘తోఫ్’. అది తీగల వాద్యం కాదు, చేతితో పట్టుకొని వాయించే చర్మవాద్యం. మన కచేరీలలో గాయకుని వెనుక నిలబెట్టి మీటే తంబురాను మోసుకుంటూ స్త్రీలందరూ నాట్యమాడారని ఊహించుకుంటేనే చిక్కు తెలుస్తుంది. మీ బరంపురంలో ఒడియా భజనలకు వాయించే ఖంజణి ఉంది కదా, ఆ కథకు అది చక్కగా అమరుతుంది. నాలుగు ఖంజణులు అరువు తెచ్చుకొని, పిల్లలు హీబ్రూ పాదాలను అందుకొని వేగం పెరిగే చోట మాత్రమే వాయించండి. మొదటి చరణంలో వాయిస్తే దాని బరువు తేలిపోతుంది.

ప్రశ్న: మా పిల్లలు ఒడియా మాధ్యమంలో చదివినవారు. తెలుగు పాటను ఒడియా అక్షరాలతో రాసుకొని పాడుతుంటే పాట వరుసలో కూర్చోవడం లేదు. కారణమేమిటి?
— ఒక పాఠకుడు, కాశీనగర్

జవాబు: ఒడియా లిపిలో ఎ, ఏలకు ఒకటే అక్షరం, ఒ, ఓలకూ అంతే. దేవునికి పెట్టుకునే ‘మొర’, పశువు పైకెత్తే ‘మోర’ ఆ కాగితం మీద ఒకేలా ఉంటాయి. మొదటిదానిలో రెండూ లఘువులు, రెండవదానిలో ముందు గురువు. పిల్లవాడు చూసి పాడినప్పుడు తాళం అక్కడ జారుతుంది. పోగా, బానిసల మొర కాస్తా పశువుల మోర అవుతుంది. హ్రస్వమున్న ప్రతి చోటా అక్షరం మీద ఎర్రసిరా చుక్క పెట్టించండి. పాదం చివర గొంతు నిలపవలసిన చోట ‘నమ్మితే’ వంటి దీర్ఘాంతమైన మాట పడేటట్లు చూసుకోండి. ఎంతసేపు సాగదీసినా అది చెడదు.