బొటనవేలికి ఒక్క పనే ఇవ్వండి

ప్రశ్న: ఫోన్‌లో కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ అనే తుపాకీ ఆట ఆడతాను. గురి కుదిరిందనుకుని ఫైర్ నొక్కేసరికి పక్కకు జరిగిపోతోంది. బరంపురంలో చదివే మా అన్నయ్య కంట్రోలర్ (ఫోన్‌కు తగిలించుకునే బటన్ల పరికరం) కొనుక్కోమంటున్నాడు. కొనమంటారా?
– ఓ పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఇప్పుడే వద్దు. గురి తిప్పడం, ఫైర్ నొక్కడం రెండూ మీ కుడి బొటనవేలే చేస్తోంది. అది బటన్ మీదికి వెళ్లే క్షణంలోనే గురి చెదురుతోంది. చేతిలో పట్టే గేమింగ్ పరికరాలకు ఈ తంటా పాతదే. 2004లో వచ్చిన సోనీ చేతి గేమింగ్ పరికరం పీఎస్‌పీకి బొటనవేలితో తిప్పే స్టిక్ ఒక్కటే కావడంతో, చాలా షూటర్లలో (తుపాకీ ఆటల్లో) చూపు తిప్పడానికి కుడివైపు బటన్లే దిక్కయ్యాయి. 2011లో దాని తర్వాత వచ్చిన పీఎస్ వీటాకు రెండు స్టిక్‌లు పెట్టారు.

మీ ఫోన్‌లో ఫైర్ పనిని ఎడమ చూపుడువేలికి అప్పగించి సర్దుకోవచ్చు. కస్టమ్ లేఅవుట్‌లోకి వెళ్లి, ఎడమవైపు ఫైర్ బటన్‌ను పై మూలకు జరపండి. పేల్చడం ఆ వేలిది, గురి కుడి బొటనవేలిది. మొదట్లో చెయ్యి తిమ్మిరెక్కుతుంది, ఓడిపోతారు కూడా. దయచేసి అప్పుడే పాత పద్ధతికి వెళ్లిపోకండి. ర్యాంక్ టెన్షన్ లేకుండా ప్రాక్టీస్ మ్యాచ్‌లలో అలవాటు చేసుకోండి.

అది కుదిరాకే గైరోస్కోప్ (ఫోన్‌ను వంచితే గురి కదిలించే సెన్సర్), అదీ స్కోప్ తెరిచినప్పుడు మాత్రమే. పెద్ద మలుపులు వేలితో తిప్పి, చివరి సవరణ ఫోన్‌ను కొద్దిగా వంచి చేయాలి. యూట్యూబ్‌లో చూసిన సెన్సిటివిటీ అంకెలు (వేలు కదిపితే గురి ఎంత వేగంగా తిరగాలో చెప్పేవి) దింపుకోకండి. ఆ ఫోన్ సైజు వేరు, ఆ చేతులు వేరు. మీ వైపు ఉక్కపోతకు వేళ్లు తెరకు అంటుకుంటుంటే ఫింగర్ స్లీవ్‌లు (వేళ్ల తొడుగులు) వాడండి.

ఈ గేమ్‌లో కంట్రోలర్ పనిచేస్తుంది కానీ, అది పెట్టుకున్నవాళ్లను కంట్రోలర్ వాడేవాళ్లతోనే ఆడిస్తుంది. పైగా అన్ని షూటర్లూ దాన్ని ఒప్పుకోవు.

ప్రశ్న: గైరోస్కోప్ ఆన్ చేసినా ఫోన్ వంచితే ఏమీ కదలడం లేదు. గేమ్ తీసేసి మళ్లీ వేశాను.
– ఓ పాఠకురాలు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: మీ ఫోన్‌లో ఆ సెన్సరే లేకపోవచ్చు. తక్కువ ధర ఫోన్లలో చాలాసార్లు యాక్సెలెరోమీటర్ (ఫోన్ ఎటు వాలిందో చెప్పే సెన్సర్) ఒక్కటే ఇస్తారు. తెర అడ్డంగా తిరగడానికి అది చాలు, గురికి చాలదు. కంపెనీ సైట్‌లో మీ మోడల్ సెన్సర్ల వరుసలో గైరోస్కోప్ అని విడిగా ఉందో లేదో చూడండి. లేకపోతే పైన చెప్పిన వేళ్ల పద్ధతి మీకూ సరిపోతుంది.