వాటర్ రాకెట్ పల్టీలు కొడుతోంటే ఫిన్ కిట్ కొనక్కర్లేదు

ముక్కు బరువు చాలట్లేదండి, మీ బాటిల్ రాకెట్ (నీళ్ళు పోసి పంపుతో గాలి కొట్టి ఎగరేసేది) లేవగానే పల్టీలు కొట్టేది బహుశా అందుకే, డబ్బులు పెట్టి ఫిన్ (తోక దగ్గరి రెక్కల) కిట్ కొనకండి.

1. కూల్‌డ్రింక్ బాటిలే వాడండి, మంచినీళ్ళ బాటిల్ పల్చన, ప్రెషర్‌కి పగులుద్ది.

2. ఫిన్‌లకి పాత ప్లాస్టిక్ ఫైల్ అట్ట చాలు, మూడు కత్తిరించి బాటిల్ మూతి వైపు అంటించండి, ఎగిరేటప్పుడు మూతి కిందికి ఉంటుంది, పైకుండే అడుగు వైపే ముక్కు.

3. చాలామంది వదిలేసేది ఇదే. ముక్కులో పిల్లలాడుకునే క్లే ముద్ద పెట్టి, నీళ్ళు పోయకుండా, రాకెట్ సమంగా తూగే చోట దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పండి, ముక్కు ముందుకే ఉంటే ఓకే, అడ్డం తిరిగితే ఇంకాస్త క్లే వేసి మళ్ళీ తిప్పాలి, కానీ క్లే వేసిన ప్రతిసారీ దారం కూడా కొత్త తూకం చోటికి జరపాలి, జరపకపోతే టెస్టే తప్పు.

4. నీళ్ళు మూడో వంతు. గీతలు పడ్డ బాటిల్ వద్దు, పంపు కొట్టేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి.