పొలిటికల్ ఫిలాసఫీ చదివితే ఏమొస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. ఎంఏ పొలిటికల్ సైన్స్ చేసి, ఆ తర్వాత పొలిటికల్ ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. రెండు వేల ఏళ్ల కిందటి ప్లేటో, అరిస్టాటిల్ ఇప్పుడు ఎవరికి కావాలి? ఎంబీఏ చేయమంటే అలిగి కూర్చుంది. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: ఉద్యోగం సంగతి తర్వాత చెప్తాను. ముందు అసలు ఆ చదువుకు ఈ రోజుల్లో పనేముందో మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ అమ్మాయి అలిగింది ఎంబీఏ అన్నందుకు కాదేమో, ఎవరికి కావాలి అన్నందుకేమో అని నాకనిపిస్తోంది.

పోయిన ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండిపోయి రోజూ ట్యాంకర్లు తెప్పించాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఎలా పంచుకోవాలన్న మీటింగ్ రాత్రి పది దాటినా తెమల్లేదు. ఫ్లాటుకు ఇంత అని సమానంగా వేద్దామని ఒకరు, కాదు ఎస్‌ఎఫ్‌టీ లెక్కన వేయాలని ఇంకొకరు. ఫస్ట్ ఫ్లోర్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడ లేచి, "నేను రోజుకు వాడేది నాలుగు బకెట్లు, ఆరుగురున్న ఇంటితో సమానంగా నేనెందుకు కట్టాలి?" అని అడిగారు. ఆ ఆరుగురున్న ఇంటాయన, "మా నాన్న మంచంలో ఉన్నాడు, రోజూ దుప్పట్లు ఉతకాలి, అవి మేం సరదాకి వాడే నీళ్లా?" అన్నాడు. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. అక్కడ ఇంజినీర్లున్నారు, ఒక సీఏ కూడా ఉన్నారు, ఏ లెక్కైనా నిమిషంలో వేసేస్తారు, కానీ వాటిలో ఏది న్యాయమైన లెక్కో ఎవరూ తేల్చలేకపోయారు. సమానం అంటే అందరికీ ఒకే బిల్లా, వాడినదాన్ని బట్టా, అవసరాన్ని బట్టా, స్తోమతను బట్టా? చివరికి మనిషికి ఇంత అని వేశాం, అదీ అందరికీ నచ్చలేదు. మీ అమ్మాయి చదువుతానంటున్నది ఈ ప్రశ్ననే.

ఇదే పంపకం రాష్ట్రం స్థాయిలో ఎలా ఉంటుందో ఎస్సీ వర్గీకరణలో చూశాం. ఎస్సీలందరికీ కలిపి ఇచ్చిన 15 శాతం రిజర్వేషన్‌లో తమ వాటా తమకు అందడం లేదని 1990ల్లో మాదిగ దండోరా లేచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో ఏ, బీ, సీ, డీ గ్రూపులు చేస్తూ చట్టం తెచ్చింది. 2004లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఎస్సీలంతా ఒకే వర్గం, విడదీయడం కుదరదని ఆ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురి ధర్మాసనం 6-1 మెజారిటీతో, ఆ వర్గం లోపల కూడా ఎక్కువ వెనకబడినవాళ్లు ఉన్నారు కాబట్టి రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని చెప్పింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతంగా అమలు చేస్తున్నారు.

ఈ ఇరవై ఏళ్లలో రాజ్యాంగంలో సమానత్వం గురించిన 14వ అధికరణం మారలేదు, సమానత్వం అనే మాటకు కోర్టు చెప్పుకున్న అర్థం మారింది. ఆ అర్థం మారడానికి కారణమైన వాదనలను విడదీసి, ఏది గట్టిదో ఏది డొల్లదో పరీక్షించడం, విడదీస్తే ఐక్యత దెబ్బతింటుందన్న మాల సంఘాల అభ్యంతరాన్ని కూడా అంతే శ్రద్ధగా తూచడం, నాకు తెలిసినంతలో ఈ శాస్త్రం చేసే పెద్ద పని ఇదే. ఏ పార్టీకి ఓటేయాలో ఇది చెప్పదు, నీ పక్షాన ఉన్న వాదనలో ఎక్కడ కన్నం ఉందో మాత్రం ఖచ్చితంగా చూపిస్తుంది, అది కొంచెం బాధగా కూడా ఉంటుంది.

దీని పని అయిపోయిందని అనుకున్నది మీరొక్కరే కాదు. 1956లో పీటర్ లాస్లెట్ అనే ఇంగ్లీషు పండితుడు ప్రస్తుతానికి రాజకీయ తత్వశాస్త్రం చచ్చిపోయినట్టేనని రాశాడు. పదిహేనేళ్లకు, 1971లో, అమెరికాలో జాన్ రాల్స్ అనే తత్వవేత్త న్యాయం మీద రాసిన పుస్తకంతో అది మళ్లీ లేచి కూర్చుంది. ఆయన అడిగింది చిన్న ప్రశ్నే: నువ్వు ఏ ఇంట్లో పుడతావో, డబ్బుంటుందో లేదో, ఎంత తెలివితో, ఎంత ఆరోగ్యంతో ఉంటావో ఏదీ తెలియకుండా సమాజానికి నియమాలు రాయమంటే ఏం రాస్తావు? మా మీటింగ్‌లో ఎవరి ఫ్లాట్ నంబరు వాళ్లకు తెలియకుండా ఉంటే ఆ రాత్రి మాటలు వేరేగా ఉండేవి. తర్వాత సూసన్ ఓకిన్ అనే స్త్రీవాద తత్వవేత్త వచ్చి, ఆ న్యాయం ఇంటి గడప దగ్గరే ఎందుకు ఆగిపోయింది, ఇంట్లో ఆడవాళ్ల పని సంగతేంటని 1989లో ఆయన్నే నిలదీసింది. అయినా మనం అంత దూరం పోనక్కర్లేదు. ఓటులో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత, ఈ వైరుధ్యంలోకి 1950 జనవరి 26న అడుగుపెడుతున్నామని, దాన్ని త్వరగా తొలగించకపోతే ప్రజాస్వామ్యానికే ముప్పని అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. అది రాజకీయ తత్వమే.

ముందున్న పని కూడా తక్కువేం లేదు. లోక్‌సభ సీట్లు రాష్ట్రాలకు పంచడానికి 1971 జనాభా లెక్కలను పట్టుకుని ఆపి ఉంచారు కదా, ఒక మనిషికి ఒకే విలువ అంటే జనాభాను బట్టి పంచాలి, మరి జనాభా తగ్గించుకున్న దక్షిణాది రాష్ట్రాలు అందుకు నష్టపోవాలా? లోన్ ఇవ్వాలా వద్దా అని కంప్యూటర్ తేల్చేసినప్పుడు, ఎందుకు కాదన్నారని అడిగే హక్కు మనిషికి ఉందా? వీటికి డేటా ఒక్కటే జవాబు ఇవ్వదు.

ఇక ఉద్యోగం. దాచకుండా చెప్తాను, క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఆశించి ఈ చదువులోకి రాకూడదు. టీచింగ్ వైపు వెళ్లాలంటే ఎంఏ తర్వాత లెక్చరర్ అర్హత పరీక్షలు, అంటే జాతీయ స్థాయిలో నెట్ గానీ రాష్ట్ర స్థాయిలో సెట్ గానీ రాయాలి, నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది, కానీ పర్మనెంట్ పోస్టులకు ఏళ్ల తరబడి ఎదురుచూసి గెస్ట్ ఫ్యాకల్టీగా నెట్టుకొస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ మాట మీ అమ్మాయికి కూడా చదివి వినిపించండి. సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ 500 మార్కులకు, అందులో మొదటి పేపర్ సగం ఈ సబ్జెక్టే. అలాగని సివిల్స్ కోసమే ఎంఏ చేయమని నేను చెప్పను. ఎంఏ తర్వాత మూడేళ్ల లా చేసి హక్కుల కేసుల వైపు వెళ్లొచ్చు, పాలసీ రీసెర్చ్ సంస్థల్లో, జర్నలిజంలో కూడా ఇలాంటి వాళ్లు కావాలి. కానీ ఎక్కడైనా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ శుభ్రంగా రాయడం రావాలి, అది లేకపోతే డిగ్రీ ఒక్కటే ఆదుకోదు.

ఎంఏకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీలోని జేఎన్‌యూ అయితే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష, ఉస్మానియా, కాకతీయ అయితే సీపీగెట్ అనే తెలంగాణ ప్రవేశ పరీక్ష రాయాలి. రెండూ రాయించండి. సిలబస్‌లో పొలిటికల్ థియరీకి ఎన్ని పేపర్లు ఉన్నాయో చూసి ఎంచుకోమనండి.

అప్లికేషన్ కంటే ముందు ఒక పని చేయండి. అంబేడ్కర్ ఆ నవంబర్ 25 ప్రసంగం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మీరిద్దరూ కలిసి చదవండి. తర్వాత వర్గీకరణ గురించి మీ అమ్మాయికి ఏ అభిప్రాయం ఉందో అడిగి, దానికి సరిగ్గా వ్యతిరేకమైన పక్షాన రెండు పేజీలు రాయమనండి, అదీ ఎదుటివాళ్లు చదివి "అవును, మా మాట ఇదే" అనేలా రాయాలి. విసుగు లేకుండా రాసి, తిరగరాసి, మళ్లీ మీతో వాదించడానికి వచ్చిందంటే ఎంబీఏ మాట ఇక ఎత్తకండి. ఆ రెండు పేజీలు నాకూ పంపండి, చదివి ఏ యూనివర్సిటీ అయితే తనకు బాగుంటుందో చెప్తాను.