ఉమ్మెత్త గింజలు తింటే మెదడుకు ఏమవుతుంది?

శివుడి పూజలో పెట్టే కాయే కదా, తింటే ఏమిటని అడిగారు. పూజకు పనికొచ్చిందల్లా పొట్టకు పనికిరాదు. ఉమ్మెత్తలో, ముఖ్యంగా గింజల్లో, అట్రోపిన్, స్కోపలమిన్ అనే విషపదార్థాలు ఉంటాయి. జ్ఞాపకానికి, ఏకాగ్రతకు కావలసిన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని మెదడులో పనిచేయనివ్వకుండా ఇవి అడ్డుకుంటాయి. దాంతో వచ్చేది సరదా మత్తు కాదు, సన్నిపాతం లాంటి స్థితి. లేని మనుషులతో మాట్లాడతారు. అది భ్రమ అన్న స్పృహ కూడా ఉండదు. తేరుకున్నాక చాలావరకు ఏమీ గుర్తుండదు. నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం సరిగా రాదు. విషం పాళ్లు మొక్కమొక్కకూ మారతాయి కాబట్టి ‘కొంచెమే తిన్నాను’ అన్న లెక్క ఇక్కడ చెల్లదు. మూర్ఛ, కోమా, ఒక్కోసారి మరణం. ఎవరైనా తింటే ఇంటి వైద్యాలతో పొద్దుపుచ్చకుండా 108కు ఫోన్ చేయండి. మిగిలిన గింజలో, కాయో ఉంటే వైద్యుడికి చూపించండి.