చక్రం తిరిగిందా, దొర్లిందా?

సందేహం: పదో తరగతి పిల్లలకు ఒక లెక్క ఇచ్చాను. ‘35 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న సైకిల్ చక్రం 180 డిగ్రీల కోణంలో తిరిగితే ఎంత దూరం వెళ్తుంది?’ అని. మా తెలుగు మాస్టారు చూసి ‘తిరిగితే’ తప్పు, ‘దొర్లితే’ అనాలన్నారు. ఏది సరైనది?
– ఒక లెక్కల మాస్టారు, రాజాం, విజయనగరం జిల్లా

సమాధానం: మీ తెలుగు మాస్టారు చెప్పింది సగం నిజం.

సైకిల్‌కి స్టాండు వేసి పెడల్ తొక్కండి. వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, సైకిల్ ఉన్నచోటే ఉంటుంది. నాగావళి ఇసుకలో దిగబడిన ఆటోదీ ఇదే సంగతి. డ్రైవరు ఎంత యాక్సిలరేటర్ ఇచ్చినా చక్రం తిరుగుతుందే గానీ బండి కదలదు. అప్పుడు ‘దొర్లుతోంది’ అని ఎవరూ అనరు. చక్రం ‘తిరిగింది’ అంటే ఇరుసు చుట్టూ తిరిగిందనే అర్థం, దూరం ఊసు అందులో లేదు. ‘ఊరంతా తిరిగాడు’లో దూరం ఉంది కదా అంటారేమో, అది మనుషుల తిరుగుడు! ఇక బ్రేకు పట్టేసి తడి రోడ్డు మీద చక్రం జర్రున పోతే అక్కడ దూరం ఉంది, తిరగడం లేదు. దాన్ని ‘జారింది’ అంటాం. తిరగడం, ముందుకు పోవడం కలిసి సాగితేనే ‘దొర్లింది’. (పేపర్లలో తప్పులు కూడా దొర్లుతుంటాయి, ఎవరూ తొయ్యకుండానే.)

లెక్కకు కావలసిందీ ఈ తేడాయే. చక్రం జారకుండా దొర్లితే, నేలను తాకుతూ పోయిన అంచు పొడవెంతో బండి కదిలిన దూరం అంతే. పై (π) విలువ 22/7 అనుకుంటే మీ చక్రం ఒక చుట్టుకు 220 సెంటీమీటర్లు పోతుంది, 180 డిగ్రీలకు అందులో సగం, 110. పెద్ద తరగతుల్లో అయితే రేడియన్లలో (డిగ్రీల్లాగే కోణానికి మరో కొలత) ఉన్న కోణంతో వ్యాసార్ధాన్ని గుణిస్తే సరి. అలవాటుకొద్దీ డిగ్రీలతోనే గుణిస్తే 6300 వస్తుంది. అరచుట్టుకు 63 మీటర్లు పోయే సైకిల్ దొరికితే నాకూ ఒకటి కావాలి.

నాకు అసలు నచ్చనిది ‘కోణంలో’. ఎంత నడిచాడో, ఎంత తిరిగిందో చెప్పేటప్పుడు తెలుగులో ఆ కొలతకు విభక్తి తగిలించం. ‘రెండు మైళ్లు నడిచాడు’ అంటాం, ‘మైళ్లలో నడిచాడు’ అనం. ‘కోణంలో తిరిగితే’ అంటే చక్రం ఏ పక్కకు ఒరిగి తిరిగిందో చెబుతున్నట్టుంది. ‘180 డిగ్రీలు తిరిగితే’ చాలు. గమనించారా, కోణం చెప్పేటప్పుడు ‘తిరిగితే’ చక్కగా అమరింది. కాబట్టి ఆ మాటను కొట్టేయనక్కర్లేదు, పక్కన ‘దొర్లు’ను చేర్చాలి.

ఇంకొకటి. ‘ఎంత దూరం వెళ్తుంది’కి మీ వాక్యంలో కర్త చక్రం. కానీ చక్రంలో అన్ని చోట్లూ ఒకే దూరం పోవు. టైరు మీద సుద్దతో చుక్క పెట్టి, సైకిల్‌ను మెల్లగా నడిపించి చూడండి. ఆ చుక్క కమానులా పైకి లేచి కిందికి దిగుతుంది. ఒక చుట్టులో ఇరుసు 220 సెంటీమీటర్లు పోతే, చుక్క నడిచిన దారి 280 సెంటీమీటర్లు. తెలివైన పిల్లవాడు ‘ఏ దూరం, మాస్టారూ?’ అని అడిగితే తప్పు వాడిది కాదు.

ఇలా రాయండి: ‘సైకిల్ చక్రం వ్యాసార్ధం 35 సెంటీమీటర్లు. అది జారకుండా దొర్లుతూ 180 డిగ్రీలు తిరిగితే సైకిల్ ఎంత దూరం వెళ్తుంది?’

అన్నట్టు, మీరు ‘వ్యాసార్థం’ అని రాశారు. వ్యాసంలో అర్ధం, అంటే సగం. కనుక ‘థ’ కాదు, ‘ధ’ వత్తాలి: వ్యాసార్ధం.