ఆ సంగీతం ల్యాప్‌టాప్‌లో పుట్టింది కాదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఎనిమిదేళ్లు వీణ నేర్చుకుంది. ఏడాదిగా చైనా వీడియో గేముల సంగీతం వింటూ ల్యాప్‌టాప్‌లో అలాంటిదే తయారుచేస్తోంది. ఇప్పుడు బీటెక్ వద్దు, ఏడాది గేమ్ మ్యూజిక్ డిప్లొమా చేస్తానంటోంది. ఫీజు ఆరు లక్షలు. వీణ పాతబడిపోయిందట, మానేసింది. కోపం పట్టలేక ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండింటిలో ఏది మేలో చెప్పగలరు. – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అయ్యా, మీరు అడిగింది బీటెక్కా, డిప్లొమానా అని. కానీ బుద్ధిగా చదువుకునే పిల్ల ఆటల పిచ్చిలో పడి చేజారిపోతోందేమోనన్న భయం మీ ఉత్తరంలో ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది. ఇదే భయంతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు దాని గురించే చెబుతాను. గేమ్ ఆడుతూ కాలం గడపడం వేరు, అందులోని సంగీతం ఎలా కట్టారో విని, విడదీసి, తిరిగి కట్టాలని కూర్చోవడం వేరు. మీ అమ్మాయి చేస్తున్నది రెండోది. అది చెడు అలవాటు కాదు, సాధన.

ఆమె వింటున్నదేమిటో మీరూ తెలుసుకోవాలి. షాంఘైకి చెందిన మిహోయో సంస్థ 2020 సెప్టెంబరులో విడుదల చేసిన గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేములో లియుయే అనే ప్రాంతం ఉంది. చైనా కొండలను, రేవులను తలపించే ఆ ప్రాంతపు సంగీతాన్ని షాంఘై సింఫనీ ఆర్కెస్ట్రా వాయించగా, దానికి చైనా సంప్రదాయ వాద్యాలు తోడయ్యాయి. అదే సంస్థ 2023లో తెచ్చిన హోంకై స్టార్ రెయిల్‌లో, అంతరిక్షంలో తిరిగే నౌకానగరం కోసం ఆ వాద్యాలను ఎలక్ట్రానిక్ ధ్వనులతో కలిపారు. 2024 ఆగస్టులో వచ్చిన బ్లాక్ మిత్ వుకాంగ్‌లోనైతే తల లేని ఒక సన్యాసి మూడు తీగల సాన్‌షియెన్ మీటుతూ ఉత్తర షాన్షీ పల్లెల కథాగానం వినిపిస్తాడు.

ఇక నాకున్న అనుమానం. గేమ్ మ్యూజిక్ పేరుతో ఇప్పుడు పుట్టుకొస్తున్న ఏడాది కోర్సుల్లో చాలావాటిని నేను నమ్మను. అవి నేర్పేది ప్రధానంగా సాఫ్ట్‌వేర్. ఆటగాడు తీరికగా నడుస్తున్నంతసేపు తీగవాద్యం ఒక్కటే వినిపించి, శత్రువు దగ్గరపడగానే కింద ఎలక్ట్రానిక్ బేస్, డ్రమ్స్ పొరలుపొరలుగా చేరి, పోరు ముగియగానే అతుకు తెలియకుండా జారిపోయేలా అమర్చే వైజ్ అనే సాఫ్ట్‌వేర్ వంటి పనిముట్ల ప్రాథమిక పాఠాలను తయారీదారులే నెట్‌లో ఉచితంగా పెట్టారు. ఉచితంగా దొరికే దానికి ఆరు లక్షలు ఎందుకు? పైగా మన దేశంలో గేమ్ కంపోజర్‌గా నెలజీతం వచ్చే కొలువులు బాగా తక్కువ. ఎక్కువమంది ఒప్పందాల మీద ముక్కలుముక్కలుగా పనిచేస్తారు. ఈ మాట కోర్సు అమ్మేవారు చెప్పరు కాబట్టి నేను చెప్పాల్సి వస్తోంది.

డబ్బుతో కొనలేనిది మరొకటి ఉంది, అదే మీ అమ్మాయి వదిలేసిన వీణ సాధన. పైన చెప్పిన చైనా సంప్రదాయ వాద్యాల్లో ఒకటైన గుజెంగ్‌కు ఇప్పుడు సాధారణంగా 21 తీగలుంటాయి. వాటిని అయిదు స్వరాలకే శ్రుతి చేస్తారు. ఆ వరుస మన మోహన రాగమే. మిగతా స్వరాలు కావాలంటే తీగను ఎత్తి నిలిపే బ్రిడ్జికి ఎడమవైపు తీగను వేళ్లతో నొక్కి స్వరాన్ని పైకి లేపాలి. వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టే అన్నమాట. ఒక్కొక్క స్వరాన్నీ విడిగా రికార్డు చేసిన శాంపిళ్లను కీబోర్డు మీద నొక్కితే ఆ జారుడు రాదు. అది ఎక్కడ మొదలై ఎంతసేపు నిలవాలో ఏళ్లతరబడి తీగ మీద వేలు పెట్టినవారికే తెలుస్తుంది. మీ అమ్మాయికి ఆ వేలు ఉంది. వీణ పాతబడిందని ఆమె అంటే, తాను మెచ్చే సంగీతానికి ప్రాణం పోసినవారు అలాంటి పాత వాద్యాలు పట్టుకున్నవారేనని చెప్పండి.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. ల్యాప్‌టాప్‌కు తాళం వేయడం మీరు చేసిన పెద్ద పొరపాటు. అందులో ఆమె ఏడాది పని ఉంది. ఎనిమిదేళ్లు ఫీజు కట్టి సంగీతం నేర్పించి, అది ఆమె సొంతమయ్యాక భయపడితే పిల్లకు ఏమని అర్థమవుతుంది? మార్కులు తగ్గాయని మీరు రాయలేదు. తగ్గకపోతే శిక్ష దేనికి?

బీటెక్ విషయానికొస్తే, ఎంపీసీ చదువుతున్నది కాబట్టి చేరడమే మంచిదని నా అభిప్రాయం. గేములో ధ్వనిని అమర్చేవారికి ప్రోగ్రామింగ్ రావడం నిజంగా అక్కరకొస్తుంది, నాలుగేళ్లలో వీణా సాగుతుంది. అయితే ఆ నిర్ణయం ఆమె నోటి నుంచి రావాలి. డిప్లొమా ఆలోచన ఏడాది పక్కన పెట్టమనండి, శాశ్వతంగా కాదు. ఈలోగా తన వీణను తానే రికార్డు చేసి, నడకకు ఒకటి, పోరుకు ఒకటి, రెండు పొరలున్న రెండు నిమిషాల ముక్క ఒకటి కట్టమనండి. రేపు ఏ స్టూడియో అయినా అడిగేది అలాంటి నమూనాలనే. దానికి ముందుగా బీరువా తాళం తీయాలి, ఆ పని ఈ రోజే చేయండి.